హెడ్‌ఫోను పూర్వోత్తరములు



రేడియో యనఁగానే మన పెద్దలకు గోడయలమరలో నిలిచి యింటిల్లిపాదికిని వినఁబడు పెట్టె స్ఫురించును. కాని తొలినాళ్ళ రేడియో నోరులేనిది. దాని మాటను వినఁగోరువాఁడు రెండు నల్లని బిళ్ళలను చెవులకు బిగించుకొని, ఇంటిలోనివారిని మాటలాడవలదని సైగచేసి, ఊపిరి బిగఁబట్టి కూర్చుండవలసియుండెను. ఒక్కఁడు వినుచుండఁగాఁ దక్కినవారు వాని ముఖము చూచి పాట బాగున్నదో లేదో యూహించుకొనెడివారు. ఆ నల్లబిళ్ళలే హెడ్‌ఫోను. నడుమఁ గొన్ని దశాబ్దములు మఱుగునఁ బడి, అవి మఱల నేఁడు మనుమల మెడలయందు వ్రేలాడుచున్నవి. పల్లెలలోని పెద్దలును వానిని ధరించు కాలము వచ్చినది. ఏలయనఁగా ఆకాశవాణివారి ప్రాఁత ధ్వనిముద్రణము లనేకము లిపుడు కంప్యూటరున వినవచ్చుచున్నవి. కాఁబట్టి యీ పరికరము చరిత్రను, చవుక కంప్యూటరునుండి దీనిలోనికి మంచి నాదము రాఁబట్టు మార్గమును ముచ్చటింపఁ దలఁచితిని.

హెడ్‌ఫోనునకుఁ దల్లి టెలిఫోను. 1876లో అలెగ్జాండరు గ్రాహం బెల్ పేటెంటు పొందిన యంత్రసంతతిలో, శ్రోత చెవికానించుకొను భాగమున నొక యయస్కాంతము, దానికిఁ జుట్టిన సన్నని రాగితీఁగె, దానియెదుట వెండ్రుకవాసి యెడమున పలుచని యినుపఱేకు నుండును. తీఁగెలోని విద్యుత్తు హెచ్చుతగ్గులైనకొలఁది అయస్కాంతపు లాగుడు మాఱి ఱేకు కంపించును. ఱేకు కంపింపఁగా గాలి కంపించును. మన నైయాయికులు శబ్ద మాకాశగుణమనియు, అది వీచీతరంగన్యాయమున నొక యలనుండి మఱియొక యలగాఁ బుట్టుచు వచ్చి చెవిగూటిలోని యాకాశమును జేరుననియుఁ జెప్పిరి. ఆధునికులు ఆకాశమునకు బదులు గాలి నుంచిరి. అలను మాత్రము తీసివేయలేదు.

వార్త వినుటకే కాక పాట వినుటకును ఈ బిళ్ళ పనికివచ్చునని లోకమునకుఁ జూపినది పారిసు నగరము. 1881లో నచట జరిగిన విద్యుత్ప్రదర్శనమున క్లెమాన్ అదేర్ అను నతఁడు నాటకశాలలోని గానమును తీఁగెలద్వారా ప్రదర్శనశాలకుఁ దెప్పించి, ఒక్కొక్క శ్రోతకు రెండేసి టెలిఫోను బిళ్ళ లిచ్చెను. కుడిచెవి కొక తీఁగె, ఎడమచెవి కొక తీఁగె యగుటచే గాయకుఁ డేవైపు నిలిచి పాడుచున్నదియుఁ దెలియవచ్చెనఁట. లండనులో 1895 మొదలుకొని చందాదారులకు ఇంటికే నాటకములను, చర్చి ప్రసంగములను వినిపించు సంస్థ యొకటి పనిచేసెను. ఈ బిళ్ళలను తలపై నిలుచునట్టి జోడుగా బాగుచేసినవారిలో అమెరికాదేశపు యూటా రాష్ట్రమందలి నథానియల్ బాల్డ్విన్ ముఖ్యుఁడు. అతఁడు తన యింటనే చేసిన జతను 1910లో ఆ దేశపు నౌకాదళమునకుఁ బంపఁగా, వారు పరీక్షించి యాశ్చర్యపడి, మఱికొన్ని కావలెనని వ్రాసిరి. సముద్రముమీఁది యోడలలో దూరపు తంతిలేని వార్తలను వినుటకు అంతకంటె మెత్తని చెవి వారికి లేకపోయెను.

ఇఁక రేడియో. ఆకాశమున వచ్చు తరంగము ముందుకును వెనుకకును సమానముగా నూఁగుచుండును. దానిని యథాతథముగా బిళ్ళలోనికి విడిచినచో రెండు లాగుడులును జెల్లుకుజెల్లై ఱేకు కదలదు. కాఁబట్టి యొకవైపు మాత్రమే తెఱచుకొను తలుపొకటి నడుమఁ గావలెను. గెలీనా యను సీసపు ఖనిజమున కా గుణము గలదు. మన జగదీశచంద్ర బోసు మహాశయుఁడు గెలీనాతోఁ జేసిన తరంగగ్రాహకమునకు 1901లో దరఖాస్తు పెట్టి 1904లో అమెరికా పేటెంటు పొందెను. ఆ ఖనిజము మన ప్రాంతమున లేనిది కాదు. పల్నాటిలో బండ్లమోటు కడ హిందూస్థాన్ జింకు సంస్థవారు త్రవ్వి తీసిన సీసపు ముడిఖనిజ మిదియే. గెలీనా ముక్కపై ఇంగ్లీషువారు పిల్లిమీసమని పిలిచిన సన్నని తీఁగెమొనను దాఁకించి, మంచి తావు దొరకువఱకు జరుపుచుఁ బోవలెను. అది దొరకెనా, పాట వినఁబడును. ఎవరైన బల్లను దాఁకిరా, పాట పోవును.

ఈ స్ఫటికపు రేడియోకు బ్యాటరీ లేదు, కరెంటు లేదు. దూరపు కేంద్రము వెదఁజల్లిన శక్తిలో నీ యేరియలు తీఁగె కంటుకొన్న పిసరంతయే దాని యాహారము. అంత యల్పశక్తితో ఱేకును గదలింపవలెననినచో బిళ్ళలో తీఁగె వేలచుట్లు చుట్టవలెను. అందుచేఁ దీఁగె మిక్కిలి సన్నమై, ఒక్కొక్క బిళ్ళ విద్యుత్తునకు 2000 ఓముల యడ్డుగా నుండెడిది. ఓమనఁగా విద్యుత్తునకుఁ గలుగు నిరోధపు కొలత. ఈ 2000 సంఖ్యను శ్రోతలు గుర్తుంచుకొందురు గాక. కంప్యూటరు సంగతికి వచ్చినపుడు దీనితోఁ బనియున్నది.

మన తెలుఁగువారికి సమీపమునఁ బుట్టిన మొదటి ప్రసారము చెన్నపట్టణముది. సి. వి. కృష్ణస్వామి చెట్టిగారు మొదలైన యుత్సాహవంతులు 1924 మే నెలలో మద్రాసు ప్రెసిడెన్సీ రేడియో క్లబ్బును స్థాపించి, జూలై 31న ప్రసార మారంభించిరి. వారి యంత్రబలము మొదట 40 వాట్లు. ఇంటిలోని యొక విద్యుద్దీపమున కయ్యెడి శక్తి! ధనము చాలక 1927 అక్టోబరులో క్లబ్బు మూఁతపడఁగా, యంత్రమును మద్రాసు నగరపాలకసంఘమున కిచ్చిరి. ఆ సంఘమువారు 1930 ఏప్రిల్ 1 నుండి క్రమముగాఁ బ్రసారములు జరిపి, 1938 జూన్ 16న ఆలిండియా రేడియో మద్రాసు కేంద్రము వెలసినదాఁక నడపిరి. చెన్నపట్టణపు వీథులలో స్ఫటికపు రేడియో పలికినను కృష్ణాతీరమునఁ బలుకలేదు. నడుమ వందల కిలోమీటర్ల దూరము. బ్యాటరీలేని పెట్టె కొలఁది పదుల కిలోమీటర్లు దాఁటి వినలేదు. మద్రాసు వినవలెనన్నచో వాల్వుల రేడియో కావలెను. దానికి కరెంటో, బరువైన బ్యాటరీయో కావలెను. పైఁగా తపాలాకచ్చేరిలో లైసెన్సు రుసుము కట్టవలెను. ఇన్నియుఁ గలవా రూరికొక్కరుండిన నది గొప్ప.

1948 డిసెంబరు 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రము వెలయుటతో నీ స్థితి మాఱెను. అందును మన డెల్టాకుఁ బ్రకృతి చేసిన మేలొకటి కలదు. రేడియోలోని మధ్యతరంగములు పగటివేళ నేలను బట్టుకొని పాఱును. తడినేల, ఉప్పునేల వానికి రాజమార్గము. ఎండిన ఱాతినేల ముండ్లదారి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవసు కాలువలు పాఱి, ఆఱునెలలు వరిమళ్ళలో నీరు నిలుచు దేశమున కంటె వానికి మంచి దారి యెక్కడ దొరకును? స్ఫటికపు రేడియోకు ఏరియలు తీఁగె యెంత ముఖ్యమో నేలలోనికిఁ బాఁతిన ఎర్తు తీఁగెయు నంతే ముఖ్యము. నేను తెలుఁగు పండితుఁడుగాఁ బనిచేసిన యొక పాఠశాలలో, 1988 ప్రాంతమున, సైన్సు మాస్టరుగారు పిల్లలచేత నిట్టి పెట్టె చేయించిరి. గెలీనాకు బదులు అంగడిలో దొరకు జెర్మేనియము డయోడు, ఏరియలు కొబ్బరిచెట్టునకు, ఎర్తు బోరుపంపు గొట్టమునకు. హెడ్‌ఫోను జత యొక్కటియే యగుటచే నిద్దఱు పిల్లలు చెఱియొక బిళ్ళను బట్టుకొని వినెడివారు. పంపుగొట్టమునుండి తీఁగె నూడఁదీసినచో పాట చిక్కి సగమగుటయుఁ, దగిలింపఁగానే మఱల నిండుటయు నేను స్వయముగా విన్నాను. తీఁగె పైన గొప్పతనమంతయుఁ గొబ్బరిచెట్టుది యనుకొను పిల్లలకు, క్రింద నేలయు సగము పాడుచున్నదని బోధపడినది.

వాల్వులు, వానివెనుక ట్రాన్సిస్టరులు రాఁగా రేడియోకు నోరు వచ్చెను. పంచాయతీ కార్యాలయపు గొట్టములోనుండి పొలముల పనివారికి వార్తలు వినఁబడెను. పున్నమ్మతోటలోని విజయవాడ కేంద్రమునుండి మంగళంపల్లి బాలమురళీకృష్ణగారి గానము, ఓలేటి వెంకటేశ్వర్లుగారి గానము, అన్నవరపు రామస్వామిగారి వాయులీనము ఇండ్లఁ జొచ్చెను. పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులుగారు, అనఁగా ఉషశ్రీగారు, రామాయణభారతములు చెప్పుచుండ రచ్చబండలు నిండెను. ఆ దినములలో హెడ్‌ఫోనుతోఁ బనిలేకపోయెను. అందఱును గూడి వినుట యొక సుఖము. దానిని నేను తక్కువచేయను. కాని యా సుఖములో నష్టమును లేకపోలేదు. చిన్న గొట్టపు మాట నలుగురి మాటలలోను, సైకిలు గంటలలోను, కాకుల యఱపులలోను గలిసి వచ్చెడిది. మధ్యతరంగమునఁ బయి శ్రుతులలోని సూక్ష్మాంశములు చాలవఱకు రాలిపోవును. తంబుర యున్నదని తెలియును గాని, తంబుర వినఁబడదు.

హెడ్‌ఫోను మఱల తలయెత్తినది సంగీతముకొఱకే. అమెరికాలో జాన్ కాస్ 1958లో రెండు చెవులకు రెండు వేఱు నాదములు వినిపించు జతను అమ్మకమునకుఁ దెచ్చెను. జపానువారి సోనీ సంస్థ 1979లో వాక్‌మను నమ్మఁగా నది వీథిని బడెను. అప్పటికిఁ బాత యినుపఱేకు పోయి, పలుచని ప్లాస్టికు పొరకు అతికిన తీఁగెచుట్ట వచ్చెను. బ్యాటరీ శక్తి సమృద్ధిగా దొరకుటచే వేలచుట్ల యవసరము తప్పెను. 2000 ఓముల బిళ్ళలు పోయి, నేఁడు సామాన్యముగా 16 మొదలు 32 ఓముల జతలే దొరకుచున్నవి.

కంప్యూటరు పాడుట యెట్లో కొంచెము చెప్పవలెను. దానికి స్వరము తెలియదు, లెక్క తెలియును. ఆనకట్టకడ కొలబద్దనుజూచి నీటిమట్టమును లెక్కపుస్తకమున వ్రాయు లస్కరును దలఁచుకొనుఁడు. గాలి కంపముయొక్క మట్టము నట్లు సెకండునకు 44,100 మాఱులు గొలిచి, ఒక్కొక్క కొలతను 65,536 మెట్లలో నేదో యొకదానిగా వ్రాసినచో నది 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కుయొక్క లెక్క. ఆ యంకెలను మఱల విద్యుత్తుగా మార్చి హెడ్‌ఫోనున కందించు పలకయే సౌండుకార్డు. సింగపూరులోని క్రియేటివు సంస్థ 1989లోఁ దెచ్చిన సౌండు బ్లాస్టరు దీనికిఁ బ్రసిద్ధి తెచ్చినది. అది వేఱుగాఁ గొని తగిలించుకొనవలసిన పలక. 1997లో ఇంటెల్ సంస్థ యేర్పఱచిన పద్ధతివలన నీ పని కంప్యూటరు తల్లిపలకమీఁదనే యొక చిన్న చిప్పు చేయసాగెను. వెల తగ్గినది, అందఱకును ధ్వని యబ్బినది, మేలే. కాని సంగీతవిద్వాంసునిఁ దీసికొనివచ్చి పిండిమర నడుమఁ గూర్చుండఁబెట్టినట్లయినది. ప్రక్కనే ఫ్యాను, విద్యుత్సరఫరా పెట్టె, క్షణమునకుఁ గోట్లమాఱులు మినుకుమినుకుమను చిప్పులు. వాని రొద సన్నని తీఁగెలలోనికి జొచ్చుచుండును.

ఈ రొద యెంత మోసకారియో చెప్పెదను. నా యెఱుకలో నొక యెనుబదియేండ్ల పెద్దమనిషి గలరు. వారి మనుమఁడు చవుకగాఁ గొన్న ల్యాపుటాపున ఓలేటివారి ప్రాఁత కచేరి నొకదానిఁ బెట్టి హెడ్‌ఫోను తగిలించెను. పెద్దాయన కొంతసేపు విని తీసివేసి, "నాయనా, నా చెవులు పోయినవి. తంబుర కందిరీఁగవలె వినఁబడుచున్నది. ఇఁక వినుట నాకు రాసిపెట్టి లేదు" అని యా పని చాలించిరి. నెలదినములు మరల దాని జోలికిఁ బోలేదు. నేను వారింటికిఁ బోయినపుడు ఛార్జరు ఊడఁదీసి బ్యాటరీమీఁద వినుఁడంటిని. కందిరీఁగ పోయినది. తంబుర నిలిచినది. వారి చెవులలో లోపము లేదు. ఛార్జరు ప్లగ్గునకు ఎర్తు లేదు. మన గోడలలోని కరెంటు సెకండునకు 50 మాఱు లూఁగును. ఎర్తు లేనిచో దాని జుమ్మను మ్రోఁత గానములోనికి జొరఁబడును. స్ఫటికపు పెట్టెకు బోరుపంపు గొట్ట మెట్లో, కంప్యూటరునకు మూఁడుకాళ్ళ ప్లగ్గును, దాని వెనుక బొగ్గు, ఉప్పు వేసి తడుపుచుండు ఎర్తుగుంటయు నట్టివి. మన యిండ్లలో మూఁడవ రంధ్రము పెక్కుచోట్ల నలంకారప్రాయముగా నుండును. ఎలక్ట్రీషియనుచేత నొకసారి పరీక్ష చేయించుట ప్రాణరక్షణకును మంచిది. వెంటనే తెలిసికొనుటకైతే ఛార్జరు తీసి చూచుటకంటె సులభమార్గము లేదు.

బల్లమీఁదఁ బెట్టు పెద్ద కంప్యూటరైనచో, ముందువైపు రంధ్రమును విడిచి వెనుకనున్న పచ్చరంగు రంధ్రమున హెడ్‌ఫోను తగిలింపవలెను. ముందువైపు రంధ్రమునకు పెట్టెలోపలనుండి మూరెడు తీఁగె వచ్చును. అది దారిపొడవునను పిండిమర రొదను బోఁగుచేసికొని వచ్చును. గులాబిరంగు రంధ్రము మైకుది. ఉపయోగింపనపుడు దానిని మాటలేకుండఁ జేయుట మేలు. కంప్యూటరులో ధ్వనిని గొప్పచేయుదుమని చెప్పు మీటలు కొన్ని యుండును. అవి ముసలిపాటకుఁ గ్రొత్త యలంకారములు తొడుగును. నా మతమున వానిని మూసివేయవలెను. పాట వినిపించు ప్రోగ్రాములలోఁ గొన్ని నూటికి నూఱు దాఁటి నూటయిరువదియైదు వఱకు మట్టము పెంచనిచ్చును. లెక్కపుస్తకములోఁ బయిమెట్టు దాఁటిన మెట్టు లేదు కాఁబట్టి యచట నలల శిఖరములు తెగి గొంతు బొంగురుపోవును. నూఱుకడ నిలుపుఁడు.

ఇపుడు 2000 ఓముల మాట. కార్డు లోపలనే విద్యుత్తునకుఁ గొంత యడ్డు గలదు. దానిని కాలువ తూముగా భావింపుఁడు. తూము వెడల్పుగా నున్నచో చేనెంత కోరిన నంత నీరు పాఱును. సన్నమైనచో చేను తీసికొనుదానినిబట్టి పిల్లకాలువ మట్టము పడుచు లేచుచు నుండును. చవుక చిప్పులలోఁ గొన్నిటి తూము 75 ఓములవఱకు సన్నముగా నుండును. దానికి 32 ఓముల హెడ్‌ఫోను తగిలించినచో శబ్దపు వోల్టేజిలో మూఁడవ పాలుకంటెఁ దక్కువయే చెవికిఁ జేరును. అంతకంటెఁ జెఱుపు మఱియొకటి: హెడ్‌ఫోను నిరోధ మన్ని శ్రుతులయందు నొక్కటిగా నుండదు, మంద్రమునఁ బెరుగుట గలదు. అపుడు మంద్రము మాత్రమే యుబ్బి, మృదంగపు తొప్పి గుమ్మడికాయవలె నూఁగును. కార్డు నిరోధము హెడ్‌ఫోను నిరోధములో నెనిమిదవ పాలు మించరాదని తెలిసినవారి లెక్క. 32 ఓములకు 4 ఓము లన్నమాట. మఱి యెక్కువ ఓముల జతను గొనిన సరిపోదా యని యడుగవచ్చును. 250 ఓములదానికి వోల్టేజిలో మూఁడువంతులు చేరును, నాదమును జక్కగా నుండును. కాని చవుక కార్డు బలము చాలక మాట మెల్లగా వినఁబడును. వాడుకలో నెనుబది ఓముల ప్రాంతమున నుండి, అల్పశక్తికే పలుకునట్టి జత మధ్యేమార్గము.

ఇవన్నియుఁ జేసియు రొద పోకున్నచో, యు.యస్.బి. రంధ్రమునఁ దగిలించు వ్రేలెడు సౌండుకార్డు కొన్ని వందల రూపాయలకు దొరకును. అంకెలు పెట్టె వెలుపలికి వచ్చిన తరువాతఁ గాని నాదముగా మాఱవు. విద్వాంసుఁడు పిండిమరనుండి వీథియరుగుమీఁదికి వచ్చినట్లే. వేలు పోసి హెడ్‌ఫోను మార్చుటకు ముందు దీనినిఁ జూచుట వివేకము.

చెవి సంగతి. వయసు పెరిగినకొలఁది పయిశ్రుతులు మొదట సన్నగిల్లును. స, శ, త అను నక్షరములు కలఁగును. అందుకని ధ్వని పెంచుకొనుచుఁ బోరాదు. ప్రపంచ ఆరోగ్యసంస్థవారు 80 డెసిబెల్ శబ్దమును వారమునకు 40 గంటలవఱకు వినవచ్చుననియు, 90 డెసిబెల్ అయినచో 4 గంటలే యనియు హద్దు పెట్టిరి. చెవి చుట్టును దిండు చక్కగాఁ గప్పుకొనినచో బయటి సందడి తగ్గి తక్కువ ధ్వనియే చాలును. సందున్నచో మంద్రము కాఱిపోవును. ఒక చెవి మందగించినవారు కంప్యూటరు అమరికలలో మోనో యనుదానిని ఎన్నుకొనినచో రెండువైపుల నాదమును మంచి చెవిలోనికే వచ్చును. ఆకాశవాణి ప్రాఁత ముద్రణములు పెక్కులు మొదటనే యేకనాదములు గాన నందు వారికి నష్టమేమియు లేదు.

ఆ పెద్దమనిషి యిపుడు రాత్రి తొమ్మిదిగంటలకు, ఇంటివారు టీవీ చూచుచుండఁగాఁ, దాను వేఱుగా నుషశ్రీగారి భారతము వినుచున్నారు. రేడియోలో నలువది యేండ్లనాఁడు విన్నపుడు తెలియనిది యిపుడు తెలియుచున్నదనిరి. ఏమది యని యడిగితిని. శ్లోకమునకు ముందు ఆయన యూపిరి పీల్చుకొనుటయు, పుట త్రిప్పిన చప్పుడును అనిరి.